పెరటి చెట్టు – వెచ్చాల పద్దు

మా ఇంట వెచ్చాల పద్దు వ్రాసే అలవాటు మా అత్తగారి నుండి నాకు సంక్రమించినది. ఆమె చదువు మూడవ తరగతితో ఆగిపోయినా, కొట్టు నుండి వచ్చిన సరుకును సోలతో మరల కొలిచి, వంటింటి గోడమీద బొగ్గుతో గీతలు గీసి లెక్క చూసుకునేవారు. నేను ఉపాధ్యాయురాలిని గనుక గోడకు బదులు నోటు పుస్తకంలో వ్రాశాను. అంతే తేడా. పదవీ విరమణ అనంతరం తీరిక చిక్కి, అటక మీది పాత పుస్తకాలను దింపి ఒక్కొక్క నెలా తిరగవేశాను. అప్పుడు నాకు కలిగిన ఆశ్చర్యమే ఈ వ్యాసానికి కారణం.

ధరలు పెరిగాయన్న సంగతి చెప్పడానికి వ్యాసం అక్కరలేదు. నేను గమనించినది వేరు. బియ్యం, కందిపప్పు, చింతపండు, మిరపకాయలు ఇవేవీ మా ఇంట పరిమాణంలో పెరగలేదు, సరికదా తగ్గాయి. పిల్లలు రెక్కలు వచ్చి వెళ్ళిపోయారు గనుక మనుషులూ తగ్గారు. అయినా పద్దు పొడవు రెట్టింపయింది. పూర్వం నెలకు ఇరవై పేర్లకు మించని జాబితా ఇప్పుడు నలభై దాటింది. ఆ కొత్త పేర్లలో ఎక్కువ భాగం రంగుల పొట్లాలలో వచ్చేవే. బిస్కట్లు, పాలలో కలిపే పొడులు, అయిదు నిమిషాలలో ఉడికే సేమియాలు, సీసాలలోని పానకాలు, వీటన్నిటికీ తోడు ‘ఆరోగ్యం కొరకు’ అని కొన్నవి మరికొన్ని. మా పెరట్లో మునగచెట్టు నిలబడి ఉండగా నేను మునగాకు పొడిని డబ్బాలో కొన్నట్లు నా చేతివ్రాతతోనే వ్రాసి ఉన్నది! పెరటి చెట్టు మందుకు పనికిరాదన్న సామెతను తరగతిలో ఎందరు పిల్లలకు వివరించానో. ఆ సామెతకు ఉదాహరణగా నేనే మిగిలాను.

కనుక నా అభిప్రాయాన్ని ముందే చెబుతున్నాను. మన పలాస, టెక్కలి, ఉద్దానం ప్రాంతాలలో మంచి తిండి తినడానికి అయ్యే ఖర్చు, చెడు తిండికయ్యే ఖర్చు కంటె తక్కువ. అయితే ఈ మాటకు మా ప్రాంతంలో ఒక పెద్ద మినహాయింపు ఉన్నది. దానిని తరువాత చెబుతాను. దానిని విడిచిపెట్టి ఈ వ్యాసం వ్రాయడం నాకు తగని పని.

ఆహారాన్ని ఎంచుకునేటప్పుడు చూడవలసిన ఎనిమిది విషయాలను చరక సంహిత విమానస్థానంలో చెప్పారు. ప్రకృతి, కరణం, సంయోగం, రాశి, దేశం, కాలం, ఉపయోగ సంస్థ, ఉపయోక్త అనేవి ఆ ఎనిమిది. వీటిని వైద్యులు ఆరోగ్యం కొరకు చదువుతారు. గృహిణిగా నేను వీటిని ధనం కొరకు కూడా చదువుకున్నాను. కరణమంటే వండే విధానం, రాశి అంటే పరిమాణం, దేశమంటే పండిన చోటు, కాలమంటే ఋతువు. మన చోట పండినది, పండే కాలంలోనే, తగినంత మాత్రమే, సరిగా వండుకొని తినేవారి పద్దు దానంతటదే తగ్గుతుంది. చివరిదైన ఉపయోక్త, అంటే తినే మనిషి. ఆ మాటను కాస్త జ్ఞాపకం ఉంచుకోండి.

మొదట జీడిపప్పు సంగతి. పలాసలో ఉంటూ జీడిపప్పు గురించి వ్రాయకపోతే చదువరులు క్షమించరు. మా ఊరికి వచ్చే బంధువులందరూ పెద్ద గుండు పప్పు కావాలంటారు. గుండు పప్పు వర్గాలకు డబ్ల్యు-240, డబ్ల్యు-320 అని పేర్లుంటాయి. ఆ అంకె ఒక పౌను, అంటే సుమారు 454 గ్రాముల తూకానికి ఎన్ని గుళ్ళు వస్తాయో చెప్పే అంకె మాత్రమే. అంకె తగ్గితే గుండు పెద్దది, ధర ఎక్కువ. పోషకానికీ ఆ అంకెకూ సంబంధం లేదు. గుండు, బద్ద, ముక్క అన్నీ ఒక్క పిక్కలోవే. పాయసంలో వేసినా, కూరలో నూరినా ముక్కకు లోటేమీ లేదు. కంటికి ఇంపుగా ఉండడానికి ఇచ్చే సొమ్మును మనం బలానికి ఇస్తున్నామనుకుంటున్నాం. పెళ్ళివారి విస్తరికి గుండు ఉండవలసినదే, కాదనను. రోజువారీ వంటకు ముక్క చాలును.

ఇంకొక మాట చెబితే మా ఊరి వ్యాపారులకు కోపం రావచ్చు. మాంసకృత్తుల కొరకే అయితే వేరుశెనగ పప్పు జీడిపప్పుకు తీసిపోదు, పైగా ఒక పిసరు ఎక్కువే. ధరలో పోలికే లేదు. జీడిపప్పును ప్రాచీన రసాయనమన్నట్లు పొగిడేవారికి ఒక సంగతి తెలియాలి. జీడిమామిడి చెట్టు స్వస్థలం బ్రెజిల్. పదహారవ శతాబ్దంలో పోర్చుగీసువారు దానిని మన దేశానికి తెచ్చారు. చరక సుశ్రుతులకు దాని పేరే తెలియదు. ఆయుర్వేదంలోని భల్లాతకం వేరు. అది నల్లజీడి, శుద్ధి చేయక ముట్టరానిది. పేరు చూసి రెండింటినీ ఒకటిగా భావించరాదు.

పప్పుకు ఇంత గిరాకీ ఉండగా, ఆ పప్పును మోసే పండు మా తోటలలో ఎండాకాలమంతా నేల రాలి కుళ్ళిపోతుంది. జీడిమామిడి పండులో సి విటమిను నారింజలో కంటె పలు రెట్లు అధికం. కోసిన నాడే వాడకపోతే పాడవుతుంది గనుక అది సంతకు చేరదు. గొంతు గీరుతుందని పిల్లలు తినరు. దానికి ఉపాయం కష్టమైనది కాదు. పండును చక్రాలుగా కోసి ఉప్పునీటిలో కొంతసేపు ఉంచి, కడిగి, ఆవిరిపై కొద్ది నిమిషాలు ఉంచితే వగరు చాలావరకు విరుగుతుంది. తరువాత బెల్లం, ఆవపొడి వేసి పులుసు పెట్టవచ్చును. ఆవిరికి విటమిను కొంత పోవును, నిజమే. నేలపాలైతే మొత్తం పోవును గదా! పచ్చి పిక్కను మాత్రం ఇంటి పొయ్యిలో కాల్చవద్దు. దాని డొల్లలోని నూనె చర్మాన్ని పొక్కిస్తుంది.

నా మాటలలో తెలగపిండికి కొంత ఎక్కువ చోటు ఇస్తున్నాను. అది నాకు ఇష్టం గనుక మాత్రమే కాదు. పొదుపూ పుష్టీ ఒక్కచోట కలిసిన పదార్థం మన ఉత్తర కోస్తాలో దానిని మించినది నాకు కనబడలేదు. నువ్వులను గానుగ ఆడించి నూనె తీయగా మిగిలిన చెక్కే తెలగపిండి. నూనె పోయినా మాంసకృత్తులు చెక్కలోనే ఉండిపోతాయి. పూర్వం బాలింతలకు పాలు పడాలని మునగాకుతో కలిపి వండిపెట్టేవారు. ఈనాటి కోడళ్ళలో కొందరు దానిని పశువుల దాణా అంటారు. విదేశం నుండి వచ్చిన ప్రోటీను పొడిని అదే కోడళ్ళు చెంచాతో కొలిచి పాలలో కలుపుతారు. ఆ పొడులలో అనేకం పాల విరుగుడు నుండి, అంటే జున్నుపరిశ్రమలో మిగిలిన నీటి నుండి తీసినవేనని వారికి ఎవరైనా చెప్పవలెను. అదీ మిగులే, ఇదీ మిగులే. ఒకదానికి డబ్బా దొరికింది.

వండే విధం తెలియనివారి కొరకు వ్రాస్తున్నాను. గానుగ నుండి తాజాగా తెచ్చిన తెలగపిండి సోలెడు తీసుకొని, రాళ్ళు లేకుండా జల్లించి ఉంచుకోవలెను. కారు వాసన వస్తే పారవేయవలెను, కక్కుర్తి పడరాదు. లేత మునగాకు రెండు దోసెళ్ళు దూసి, కడిగి, సోలంబావు నీటిలో ఉప్పు, పసుపు వేసి ఉడకనివ్వవలెను. ఆకు మెత్తబడగానే ఆ నీటిలోనే తెలగపిండి చల్లి, కలిపి, మూత పెట్టి సన్నని సెగపై ఉంచితే నీరంతా పీల్చుకొని పొడిపొడిగా విడుతుంది. ఎండుమిరప, వెల్లుల్లి, మినపప్పు, ఆవాలు, కరివేపాకు పోపు. నూనె రెండు చెంచాలు చాలును. వేడి అన్నంలో ఇది కలుపుకొని తిన్ననాడు మా ఇంట పప్పు వండము. నెలలో ఆరు రోజులు ఇలా జరిగితే కందిపప్పు ఖర్చులో అయిదవ వంతు మిగిలినట్లు నా పద్దు చెబుతున్నది. తెలగపిండి వేడి చేస్తుందని పెద్దలు చెప్పిన మాట నిజమే. అందుచేత ఆనాడు పలుచని మజ్జిగ తప్పనిసరి. కొన్న చెక్క గానుగదేనని నిర్ధారించుకోవడం ముఖ్యం. మిల్లులలో రసాయన ద్రావకంతో నూనె లాగిన చెక్క పశువుల దాణాగానే వెళ్ళవలెను.

చోళ్ళ గురించి అంతగా చెప్పనక్కరలేదు. రాగులని పట్టణాలవారు పేరు మార్చి ఆరాధిస్తున్నారు గనుక మనకూ మళ్ళీ గౌరవం కలిగింది. వంద గ్రాముల చోళ్ళలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉన్నది, వంద మిల్లీలీటర్ల ఆవుపాలలో సుమారు 120. అయితే పాలలోనిది ఒంటికి సులభంగా పడుతుంది గనుక, చోళ్ళను మొలక కట్టి, ఎండబెట్టి, వేయించి పిండి ఆడించుకోవడం మేలు. ఈ పిండితో అంబలి కాచుకునే ఇంట పాలలో కలిపే పొడుల డబ్బా ఎందుకో నాకు తెలియదు. ఆ డబ్బా మీద చిన్న అక్షరాలలో వ్రాసినది చదవండి. గోధుమ, బార్లీ, చక్కెర. చక్కెరను చక్కెర ధరకే కొనుక్కోవచ్చును.

నూనె విషయంలో నేను చాలాకాలం పొరబడ్డాను. గానుగ నువ్వుల నూనె ఖరీదు చూసి భయపడి రిఫైన్డు నూనె వాడాను. చవక గనుక ధారాళంగా పోశాను. మనిషికి రోజుకు నాలుగైదు చెంచాలు చాలునన్న లెక్కను పాటిస్తే నలుగురికి నెలకు మూడు కిలోలకు మించదు. మా ఇంట నాలుగు కిలోలు అయ్యేది. ఖరీదైన నూనెను కొలిచి వాడినందువలన మొత్తం ఖర్చు పెరగలేదు, వేపుళ్ళు మాత్రం తగ్గాయి. ఉప్పు సంగతీ అటువంటిదే. సైంధవ లవణం ఎంతటి శ్రేష్ఠమైనదని శాస్త్రం చెప్పినా, అదీ ముఖ్యంగా సోడియం క్లోరైడే. రక్తపోటు ఉన్నవారు దానిని ఎక్కువ ధర పెట్టి కొని, మామూలు ఉప్పంత వేసుకుంటే ఫలితం ఒక్కటే. పైగా మామూలు ఉప్పులో కలిపే అయొడిను అందులో ఉండదు. రోజుకు అయిదు గ్రాములు, అంటే ఒక చిన్న చెంచాడు దాటకపోవడమే అసలు పథ్యం.

నా మాటలకు మా అమ్మాయి చేసిన ఆక్షేపణను ఇక్కడ దాచిపెట్టడం న్యాయం కాదు. “అమ్మా, నీ పద్దులో మునగాకు దూయడానికి పట్టిన గంట వ్రాశావా? దానికి జీతం ఎవరిస్తారు?” అని అడిగింది. ఆమె విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తున్నది, సాయంత్రం ఏడుకు ఇల్లు చేరుతుంది. ఆమె ప్రశ్న సబబైనదే. పొదుపు పేరిట ఇంటి ఆడవారి ఒంటి కష్టాన్ని ఉచితంగా లెక్కకట్టే వ్యాసాలు నేనూ అనేకం చదివాను. మా ఇంట దీనికి దొరికిన పరిష్కారం చిన్నది. మునగ రెమ్మలను ముందటి రాత్రి గుడ్డలో బిగించి కట్టి ఉంచితే తెల్లవారేసరికి ఆకులు చాలావరకు తామే రాలుతాయి, మిగిలినవి దూసే పని మా వారిది. వార్తాపత్రిక చదువుతూనే దూస్తారు. ఆడవారు మాత్రమే చేయవలసి వస్తే ఆ పొదుపు నిలవదని నా అనుభవం.

ఇక మినహాయింపు.

మా పుట్టిల్లు మందస మండలంలోని ఒక ఉద్దానం గ్రామం. ఉద్యానవనం అన్న మాటే ఉద్దానమయిందని చెబుతారు. కొబ్బరి, జీడి, పనస, మామిడి నీడలలో పెరిగినవాళ్ళం. 2018 అక్టోబరు 11 వేకువన తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా అన్నయ్య తోటలో కొబ్బరిచెట్లు సగానికి పైగా కూలిపోయాయి. కొబ్బరికాయను జీవితంలో మొదటిసారి కొని తెచ్చిన రోజున మా వదిన దానిని దేవుడి ముందు కొట్టలేక ఏడ్చింది. అటు తరువాత రెండేళ్ళకు అన్నయ్య కాళ్ళు వాచాయి. రక్తపరీక్షలో క్రియాటినిను పెరిగినట్లు తేలింది. ఉద్దానంలో ఈ మాట అర్థం కాని ఇల్లు లేదు. మధుమేహమూ రక్తపోటూ లేనివారికి సైతం, పొలంపని చేసుకునే మనుషులకు సైతం మూత్రపిండాలు ఎందుకు చెడుతున్నాయో దశాబ్దాలుగా పరిశోధకులు వెదుకుతూనే ఉన్నారు.

అన్నయ్యను పరామర్శించడానికి నేను ఏమి తీసుకువెళ్ళానో వ్రాయడానికి సిగ్గుగా ఉన్నది. చోడిపిండి, తెలగపిండి, మునగాకు, నాలుగు కొబ్బరిబొండాలు. అంతా మంచి ఆహారమే, అంతా మన నేలదే. ఆసుపత్రిలో ఇచ్చిన కాగితం చదివితే వాటిలో ఒక్కటీ ఆయనకు కూడదు. చెడిన మూత్రపిండాలు పొటాషియాన్నీ భాస్వరాన్నీ బయటకు పంపలేవు. రక్తంలో పొటాషియం హద్దు మీరితే గుండె ఆగిపోవచ్చును. కొబ్బరినీరు, మునగాకు, పనసపండు, జీడిపప్పు, చోళ్ళు, ఇవన్నీ ఆ లవణాలు దండిగా ఉన్నవే. మనం తక్కువ చూపు చూసే తెల్లని బియ్యం, సొరకాయ, బీరకాయ ఆయనకు హితం. వదిన అడిగిన మాట ఇప్పటికీ నా చెవిలో ఉన్నది. “ఏటమ్మా, మన తోటలో కాసిన బొండమే ఇతనికి ఇసమైపోయిందంటావా?”

చరకుడు చెప్పిన ఎనిమిదవ విషయం, ఉపయోక్త, నాకు ఆనాడు అర్థమయింది. ఆహారం మంచిదా చెడ్డదా అనేది తినేవాడిని చూడకుండా చెప్పరాదు. ఆరోగ్యవంతుల ఇంట కూర ఉడికించిన నీరు పారబోస్తే సారం పోతుందని మనం గద్దిస్తాం. అన్నయ్య ఇంట కూరముక్కలను సన్నగా తరిగి, ఎక్కువ నీటిలో ఉడికించి, ఆ నీటిని పారబోసి మరల వండవలెను. పొటాషియం కొంత ఆ నీటితో పోతుంది. పప్పు ఎంత అన్నది కూడా అందరికీ ఒకటి కాదు. డయాలిసిస్ మొదలు కాకముందు తగ్గించమన్న వైద్యుడే, మొదలయ్యాక మాంసకృత్తులు పెంచమంటాడు. ఉప్పు తగ్గించాలని కొందరు కొనే ‘తక్కువ సోడియం’ ఉప్పులో సోడియానికి బదులు పొటాషియం కలుపుతారు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి అది ప్రమాదకరం.

ఈ పత్రికను అభిమానించే నేను ఇంకొక మాట ఇక్కడే చెప్పవలసి ఉన్నది. అన్నయ్య మొదటి ఆరు నెలలలో తిండికి పెట్టిన ఖర్చు కంటె ఆకుపొడులకు పెట్టినది ఎక్కువ. ఎవరో ఇచ్చిన పొడి నలభై రోజులు మింగి, ఆ నలభై రోజులూ ఆసుపత్రి మాత్రలు మానివేశారు. కాళ్ళవాపు తగ్గినట్లే తగ్గి, క్రియాటినిను ఇంకొంచెం పైకి పోయింది. ఇచ్చినవారి పేరు వ్రాయడం నా ఉద్దేశం కాదు. అటువంటివారు ప్రతి సంతలోనూ ఉన్నారు. రాళ్ళకు వాడే కొండపిండి ఆకును, వాపులకు వాడే తెల్ల గలిజేరును శాస్త్రం తెలిసిన వైద్యుడు రోగిని చూసి ఇవ్వడం వేరు, మూత్రపిండాలు చెడినవారు తమంత తాము నూరుకొని త్రాగడం వేరు. గలిజేరులోనే పొటాషియం లవణాలు మెండు. నడుము నొప్పికి మందుల కొట్టులో అడిగి మింగే మాత్రల సంగతీ ఇంతే. గృహవైద్యం జలుబుకు, అజీర్తికి, గొంతు నొప్పికి. క్రియాటినిను పెరిగిన మనిషికి గృహవైద్యం లేదు. ఈ వాక్యాన్ని సంపాదకులు తొలగించరని నమ్ముతున్నాను.

మా ప్రాంతంలో నాకు తోచే అసలైన పొదుపు వంటింట్లో ఉన్నది కాదు. ఏడాదికొకసారి ఇంటిల్లిపాదీ రక్తమూ మూత్రమూ పరీక్ష చేయించుకోవడం. పలాసలో మూత్రపిండ వ్యాధుల పరిశోధన కేంద్రమూ, 200 పడకల ఆసుపత్రీ 2023 డిసెంబరు 14న ప్రారంభమయ్యాయి. హిరమండలం జలాశయం నుండి ఉద్దానానికి త్రాగునీరు తెచ్చే పథకమూ ఆనాటిదే. పరీక్ష ఫలితం బాగున్న ఇంటివారు మునగాకు, తెలగపిండి, పనసపొట్టు, చోళ్ళు నిశ్చింతగా తినవచ్చును. ఫలితం బాగులేని మనిషికి, అదే ఇంట, మరొక గిన్నె పెట్టవలెను.

మా వదిన ఇప్పుడు రెండు గిన్నెలు పెడుతున్నది. పనసపొట్టు కూర వండిన రోజున అన్నయ్యకు బీరకాయ. పొట్టులో ఆవ పెట్టేటప్పుడు ఆయన వాకిట్లోకి వెళ్ళి కూర్చుంటారట, వాసనకు నోరూరుతుందని. వారానికి మూడుసార్లు డయాలిసిస్ కొరకు పలాస వస్తారు. వచ్చిన రోజున మధ్యాహ్నం భోజనం మా ఇంటనే. మా పద్దు పుస్తకంలో ఆ రోజులకు నేను వేరే పేజీ తెరిచాను. బియ్యం అరసోల, బీరకాయలు రెండు, కోడిగుడ్డు తెల్లసొనలు రెండు, ఉప్పు చిటికెడు. నీటికి కూడా కొలత ఉన్నది గనుక గ్లాసుకు గీత గీసి పెట్టాను, బొగ్గుతో కాదు గాని, మా అత్తగారు గీసిన పద్ధతిలోనే.